పుట్టింటి వాటాకు వెల కట్టేదెవరు?

ధర్మవరం పట్టుచీర ఒకటే. మగ్గం దగ్గర దానికో ధర, మాస్టర్ వీవర్ చేతికి వచ్చాక ఇంకో ధర, బెంగుళూరు షోరూములో అద్దాల వెనక చేరాక మరో ధర. చీర మారలేదు, జరీ మారలేదు. అమ్మేవారు, కొనేవారు, చోటు మారాయంతే. ఈ సంగతి మన ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. బంగారం దగ్గరా అంతే. గీటురాయి మీద గీసి, తూకం వేసి, బోర్డు మీదున్న ఆనాటి గ్రాము ధరతో లెక్క కడతారు. తరుగు ఎక్కువ తీస్తే అక్కడే నిలదీస్తాం.

అంత లెక్క తెలిసిన మనమే పుట్టింటి స్థలంలో వాటా మాట వచ్చేసరికి ఎవరో చెప్పిన అంకెకు తలూపేస్తాం. ఎందుకంటే నేలకు ఏ దుకాణంలోనూ ధర బోర్డు ఉండదు. పక్కపక్కనే ఉన్న రెండు సైట్లకు కూడా ఒకే విలువ ఉండదు. "చెల్లీ, సర్కారు రేటు ప్రకారం లెక్కేస్తే నీ భాగానికి ఇంతే వస్తాది. ఇంతకంటే ఎక్కువ కావాలంటే కోర్టుకు పోతావా?" అని అన్న అంటే, పక్కన వదిన కాఫీ గ్లాసుతో నిలబడి ఉంటే, ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది? అన్న అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. సర్కారు రేటు నిజంగానే అంత ఉండొచ్చు. కానీ ఆ రేటు ఏ పని కోసం పుట్టిందో తెలిస్తే, అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని తెలుస్తుంది.

ఒకే నేల, మూడు విలువలు

మొదటిది రిజిస్ట్రేషన్ విలువ. దీన్నే మనం సర్కారు రేటు, పుస్తకం రేటు అంటాం. క్రయపత్రం మీద స్టాంపు సుంకం లెక్కించడానికి ప్రభుత్వం వీధుల వారీగా, సర్వే నంబర్ల వారీగా రాసి పెట్టుకున్న విలువ ఇది. అప్పుడప్పుడూ సవరిస్తారు. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు అమల్లోకి వచ్చాయి. పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువకు రాయించుకుంటే సబ్ రిజిస్ట్రారు ప్రశ్నిస్తారు. ఎక్కువకు కొనవద్దని, అమ్మవద్దని మాత్రం ఎవరూ అనరు.

రెండోది బజారు విలువ. అమ్మాలన్న తొందర లేని మనిషి, కొనాలన్న బలవంతం లేని మనిషి, ఇద్దరూ అన్నీ తెలుసుకుని, తీరిగ్గా బేరమాడుకుంటే ఎక్కడ ఒప్పుకుంటారో ఆ ధర. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఇదే.

మూడోది తొందర అమ్మకం విలువ. అప్పు తీరక బ్యాంకు వేలం వేస్తే ఎంత వస్తుందన్న లెక్క. ఇది బజారు విలువకంటే తక్కువే ఉంటుంది. బ్యాంకుకు ఇచ్చే నివేదికల్లో ఈ అంకె కూడా రాస్తుంటారు. ఆ కాగితం చూపించి "బ్యాంకోళ్లే ఇంత కట్టారు" అంటే, ఏ గడిలో ఉన్న అంకె చదువుతున్నారో అడగండి.

పుస్తకం రేటును బజారు విలువగా తీసుకోకూడదని సుప్రీంకోర్టే ఒకసారి మన ఆదిలాబాద్ నుంచి వెళ్లిన కేసులో చెప్పింది. జవాజీ నాగనాథం కేసులో 1994లో వచ్చిన తీర్పు అది. స్టాంపు సుంకం కోసం రాసుకున్న రిజిస్టరును పట్టుకుని భూసేకరణ పరిహారం తేల్చలేమన్నది దాని సారాంశం.

విలువ ఎలా కడతారు?

ఈ పనికి వాల్యుయర్లని ప్రత్యేకంగా ఉన్నారు. వారు వాడే పద్ధతులు ముఖ్యంగా మూడు. పేర్లు పెద్దవే గానీ లోపలున్నది వంటింటి లెక్కే. కింద చెప్పే రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే సుమా.

ఒకటి, పోల్చి చూడటం. హిందూపురంలో మీకు 30×40 సైటు ఉందనుకుందాం. అంటే 1200 చదరపు అడుగులు, రెండు ముప్పావు సెంట్లు. పక్క వీధిలో ఈమధ్యే ఒక సైటు అడుగు 1,500 రూపాయలకు పోయింది. అది పెద్ద రోడ్డు మీదుంది, మీది సందులో ఉంది. అందుకు 10 శాతం తగ్గిస్తే 1,350 అయింది. అంటే మీ సైటు విలువ 16 లక్షల 20 వేలు. మూల స్థలమైతే, తూర్పు వాకిలైతే, కాలువ పక్కనైతే కూడికలూ తీసివేతలూ మారతాయి. ఒక్క అమ్మకాన్ని పట్టుకుని తేల్చకూడదు. మూడు నాలుగైనా చూడాలి. అవసరం కొద్దీ అయినకాడికి అమ్ముకున్నదీ, పక్క స్థలం తనదే కాబట్టి ఎంతకైనా కొన్నదీ లెక్కలోకి రావు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త ఉంది. రోడ్డు పక్క రెండు సెంట్లు ఏ రేటుకు పోయాయో ఆ రేటుతో అయిదెకరాల చేనును గుణించకూడదు. చేనును సైట్లు చెయ్యాలంటే రోడ్లకూ కాలువలకూ నేల వదలాలి, డబ్బు పెట్టాలి, అన్నీ అమ్ముడయ్యేదాకా ఏళ్ల తరబడి ఆగాలి. అందుకే 1988లో చిమన్‌లాల్ హరగోవిందదాస్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి చోట సుమారు 20 నుంచి 50 శాతం దాకా తగ్గించవచ్చంది. ఆడపడుచులు ఎక్కువ ఊహించుకోకుండానూ, అన్నదమ్ములు తక్కువ చెప్పకుండానూ ఉండాలంటే ఈ సంగతి ఇద్దరికీ తెలియాలి.

రెండు, కట్టుబడి ఖర్చు. ధర్మవరంలో మగ్గం గుంట ఉన్న పాత ఇల్లు తీసుకోండి. అందులోనే కాపురం, అందులోనే నేత. అలాంటి ఇళ్లు అమ్మకానికి రావడం తక్కువ, పోల్చడానికి జత దొరకదు. అప్పుడు నేల విలువ వేరుగా కట్టి, అదే ఇల్లు ఇవాళ కడితే ఎంతవుతుందో చూస్తారు. 600 అడుగులు, అడుగుకు 1,600 చొప్పున 9 లక్షల 60 వేలు. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు, ఇప్పటికి 20 ఏళ్లు గడిచాయి. అంటే మూడోవంతు అరిగింది. మిగిలింది 6 లక్షల 40 వేలు. దానికి నేల విలువ కలపాలి. "పాత ఇల్లేగా, గోడలకేం విలువ?" అని నేల మాత్రమే లెక్కేస్తే ఈ ఆరు లక్షలు గాలికి పోయినట్టే.

మూడు, రాబడి. బజారులో ఒక కొట్టు నెలకు 10 వేలు అద్దె తెస్తోంది. ఏడాదికి లక్షా 20 వేలు. పన్నులు, రిపేర్లు, ఖాళీగా ఉండే రోజులు కలిపి 20 వేలు పోతే లక్ష మిగిలింది. పెట్టిన డబ్బుకు నూటికి 8 రూపాయలు రావాలనుకుంటే ఆ కొట్టు విలువ పన్నెండున్నర లక్షలు. 5 రూపాయలు చాలనుకుంటే అదే కొట్టు 20 లక్షలు! కొట్టు మారలేదు, అద్దె మారలేదు. లెక్క వేసేవారు పట్టుకున్న ఒక్క అంకె మారితే ఏడున్నర లక్షల తేడా వచ్చింది. అందుకే నివేదిక చేతికి రాగానే చివరి పేజీ ఒక్కటే చూడకండి. ఏ పద్ధతి, ఎందుకు, ఏ అంకెతో అన్నది మధ్య పేజీల్లో ఉంటుంది.

పెనుకొండ చెప్పిన పాఠం

నేల ధర ఎంతగా మాట మీద ఆధారపడుతుందో మన జిల్లాకంటే బాగా ఎవరికి తెలుసు? 2017 ఏప్రిల్‌లో కియా కార్ల కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో సుమారు 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ లేచింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు, జాతీయ రహదారి, పక్కనే బెంగుళూరు. అంతకుముందు వానకు ఆకాశం వైపు చూసే మెట్టచేలవి. గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్ అధికారుల జాతీయ అకాడమీని 2024 జనవరిలో ప్రారంభించారు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు, హిందూపురాన్నే జిల్లా కేంద్రం చేయాలని ఆందోళనలు జరిగాయి. చివరికి పుట్టపర్తి కేంద్రమయింది.

ఇలాంటి కబురు ప్రతిదీ ధరలకు రెక్కలు తెస్తుంది. ఆశ కూడా విలువలో భాగమే, కాదనలేం. కానీ "ఇక్కడ ఏదో వస్తుందట" అన్న మాటకూ, వచ్చి నిలబడ్డ ఫ్యాక్టరీకీ తేడా ఉంది. నిజాయితీ గల వాల్యుయరు తన నివేదికలో తేదీ వేసి, ఆ రోజుకు జరిగిన అమ్మకాల మీదే నిలబడతారు. రేపటి ఊహను ఇవాళ్టి ధరగా రాయరు.

పెనుకొండ వైపు అమ్మలు గుర్తుంచుకోవాల్సిన మరో ముచ్చట ఉంది. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం ప్రకారం, ప్రభుత్వం భూమి తీసుకుంటే మార్కెట్ విలువ తేల్చడానికి మూడు అంకెలు చూస్తారు. స్టాంపు సుంకం విలువ ఒకటి. దగ్గర్లో అలాంటి భూముల అమ్మకాల సగటు రెండోది. కొన్ని రకాల ప్రాజెక్టుల్లో రైతులు ఒప్పుకున్న మొత్తం మూడోది. వీటిలో ఏది ఎక్కువైతే అది. సగటు కోసం గత మూడేళ్ల పత్రాలు తీసి, ఎక్కువ ధర ఉన్న సగం పత్రాలనే లెక్కిస్తారు. పల్లెల్లో దాన్ని ఒకటి నుంచి రెండు దాకా గుణించి, ఆపైన నూటికి నూరు శాతం ఊరట సొమ్ము కలుపుతారు.

వినడానికి బాగుంది కదూ? కానీ ఆ పత్రాల్లో రాసిన ధరలు ఎక్కడివి? మనం రాయించినవే! స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిసి నూటికి ఏడున్నర దాకా అవుతాయని, పది లక్షలకు కొని నాలుగు లక్షలకు రాయించుకోవడం మనకు అలవాటు. మిగతాది చేతికి చేయి. ఊరంతా అలా రాయించుకున్నాక ఊరి భూమి ప్రభుత్వానికి కావాల్సి వస్తే, సగటు ఆ నాలుగు లక్షల దగ్గరే తేలుతుంది. ఆనాడు మిగిలిన వేలు, ఈనాడు పోయే లక్షలు. పరిహారం తక్కువనిపిస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోవాలి. అవార్డు సమయంలో అక్కడే ఉన్నవారైతే ఆరు వారాల్లోగా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. మారు మాట్లాడకుండా సొమ్ము తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

విలువ కట్టేవారి కష్టాలు

వాల్యుయర్లనూ ఒకసారి వారి వైపు నుంచి చూద్దాం. చేతికొచ్చే పత్రాల్లో నిజమైన ధర ఉండదు. నిజం చెప్పే బ్రోకరు కాగితం ఇవ్వడు. నివేదిక అడిగే ప్రతివారికీ ఒక కోరిక ఉంటుంది. ఇంటి మీద అప్పు కావాల్సినవాళ్లకు విలువ ఎక్కువ కావాలి, ఎందుకంటే బ్యాంకు ఆ విలువలో ఇంత శాతమనే అప్పిస్తుంది. చెల్లెలికి వాటా ఇవ్వాల్సినవాళ్లకు తక్కువ కావాలి. అదే ఇల్లు, అదే నెల!

ఫీజు ఇచ్చేవారి మాట కాదనడం ఏ వృత్తిలోనైనా కష్టమే. కానీ ఈ వృత్తిలో మొహమాటపడితే ఏమవుతుందో అమెరికా చూసింది. 1980ల్లో అక్కడ పొదుపు, గృహరుణ సంస్థలు వందల్లో కూలిపోయాయి. ఉబ్బించి కట్టిన విలువలు కూడా అందుకు ఒక కారణమని తేలి, 1989లో వాల్యుయర్లకు లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చారు. మన దగ్గర ఒకప్పుడు సంపద పన్ను చట్టం కింద వాల్యుయర్లను నమోదు చేసేవారు. ఆ పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. కంపెనీల చట్టం కింద 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి. సివిల్ ఇంజినీరింగు, ఆర్కిటెక్చరు వంటి చదువు, కొన్నేళ్ల అనుభవం, శిక్షణ, పరీక్ష దాటితేనే ఐబీబీఐ అనే సంస్థ దగ్గర రిజిస్టర్డ్ వాల్యుయరుగా నమోదవుతారు. అడిగినవారికి అనుకూలంగా విలువ కట్టి ఇవ్వకూడదని, రాతకోతల్లో ఒప్పుకున్న ఫీజు తప్ప మరొకటి తీసుకోకూడదని, కానుకలు పుచ్చుకోకూడదని, లెక్కల కాగితాలు కనీసం మూడేళ్లు దాచాలని ఆ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఇంటి పంపకాలకు ఇలాంటివారినే పిలవాలని చట్టమేమీ చెప్పదు. పిలిస్తే మాత్రం ఈ నియమాలు గుర్తుచేసే హక్కు మనకుంది.

వాల్యుయరు ఇంటికొచ్చినప్పుడు సాధారణంగా ఎవరు మాట్లాడతారు? మగవాళ్లు. మనం లోపల టీ పెడుతుంటాం. కానీ బోరు ఏ నెలలో ఎండుతుందో, వాన పడితే ఏ గది కారుతుందో, మునిసిపాలిటీ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, సందులోకి ఆటో తిరుగుతుందో లేదో ఎవరికి తెలుసు? విలువను పెంచేవీ తగ్గించేవీ ఇవే. ఈ సంగతులు చెప్పేవారు వంటింట్లో ఉండిపోతే నివేదిక సగమే అవుతుంది.

ఆడపిల్ల వాటా మాట

ఆస్తి హక్కు విషయంలో హిందూపురానికో గౌరవం ఉంది. 1985 నుంచి ఈ ఊరు ఎన్నుకున్న ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగానే, 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చిన చట్టమది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. అప్పుడు పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో వాటాల లెక్క వేరు. కానీ వాటా ఎంతన్నది తేలాక, దాని విలువెంత అన్న ప్రశ్న అందరికీ ఒకటే.

హక్కు వచ్చింది సరే, అది చేతికి వచ్చేది రూపాయల్లో కదా! ఇందాకటి హిందూపురం సైటుకు పుస్తకం రేటు అడుగు 800 అనుకోండి. మొత్తం 9 లక్షల 60 వేలు. ముగ్గురు వారసులు. చెల్లెలి భాగం 3 లక్షల 20 వేలు. బజారు విలువైతే 5 లక్షల 40 వేలు. హక్కు విడుదల పత్రం మీద ఒక్క సంతకంతో 2 లక్షల 20 వేలు చేయి దాటిపోతాయి. వాటా ఇవ్వనని ఎవరూ అనలేదు. కొలిచిన మానిక చిన్నదైంది, అంతే.

చట్టం దీనికీ దారి చూపింది. వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, మిగతా వారసులకు ముందుగా కొనే హక్కుంది. ధర దగ్గర పొత్తు కుదరకపోతే కోర్టే ధర తేలుస్తుంది. ఇది పొలానికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటిని ముక్కలు చేయడం కుదరని చోట, కోర్టు విలువ కట్టించి వాటాదారులకే అమ్మే ఏర్పాటు 1893 నాటి పార్టిషన్ చట్టంలోనే ఉంది. కోర్టు కూడా నిపుణులతో విలువ కట్టించే తేలుస్తుంది. ఆ పని ఇంట్లోనే, మనసులు విరగకముందే ఎందుకు చేసుకోకూడదు?

సంతకానికి ముందు

* "ఈ అంకె ఏ విలువ? ఏ తేదీది?" ఈ రెండు ప్రశ్నలూ తప్పక అడగండి.

* పుస్తకం రేటును రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. పక్క స్థలాల క్రయపత్రాల నకళ్లు సబ్ రిజిస్ట్రారాఫీసులో ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు.

* ఈసీ, అడంగల్, లేఅవుట్ అనుమతి చూడండి. నిషేధిత జాబితాలో ఉన్న నేలకు, డి.పట్టా భూమికి మామూలు పట్టా భూమి రేటు కట్టకూడదు. లేపాక్షి గుడి లాంటి రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కుదరదు, ఆపై 200 మీటర్లకు అనుమతి కావాలి. అదీ విలువను మారుస్తుంది.

* కొలత సరిచూసుకోండి. సెంటు 435.6 చదరపు అడుగులు. కన్నడ సరిహద్దు ఊళ్లలో గుంట అంటే 1,089 అడుగులు, అంటే రెండున్నర సెంట్లు.

* వాల్యుయరును అందరూ కలిసి ఎంచుకోండి, ఫీజు అందరూ పంచుకోండి. ఒక్కరే డబ్బిస్తే ఆ అంకె ఒక్కరిదే అవుతుంది. కుదరకపోతే చెరో వాల్యుయరుతో కట్టించి, తేడా ఎందుకొచ్చిందో కూర్చుని మాట్లాడుకోండి.

* నివేదిక నకలు మీ చేతికి తీసుకోండి. చదివి, అర్థంకానిది అడిగాకే సంతకం.

ఇంత చదివాక కూడా "అన్నకే వదిలేస్తాను, పుట్టింటి గడప చాలు" అనుకునే చెల్లెళ్లు ఉంటారు. అది వారి ఇష్టం, వారి ప్రేమ. కాకపోతే ఇచ్చేది ఎంతో తెలిసి ఇస్తే అది కానుక. తెలియక ఇస్తే దాన్ని కానుక అనలేం. అన్నకు కూడా అదే మర్యాద. చెల్లెలు రెండు లక్షలు వదులుకుందని తెలిస్తే, రేపు పండక్కి ఆమెను పిలిచేటప్పుడు ఆ పిలుపు బరువు ఆయనకూ తెలుస్తుంది.